అందరికీ వెళ్లిన మాట

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు సమావేశాల గదిలోకి టీ వచ్చింది. మా ఇంజనీరు గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్‌లో ఏదో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ గదిలో కంప్యూటర్లన్నిటినీ కొత్తగా ఒకదానితో ఒకటి కలిపారు. ఎవరి కుర్చీలోంచి వాళ్లు రాసింది పేరుతో, సమయంతో గోడ మీది తెరపై కనబడుతుంది. ఒక్కరికే పంపాలంటే పేరు ఎంచుకోవాలి. లేకపోతే అందరికీ వెళ్తుంది. వెళ్లింది చెరపడం కుదరదు. ఆ ఏర్పాటు చూసుకునే పని నాది.

అంతకుముందు మా తాగునీటి ఆఫీసులో పద్ధతి వేరు. సమావేశం మొదలవకముందే సూపరింటెండెంటు ఖాళీ కాగితం తిప్పి సంతకాలు తీసుకునేవాడు. "సంతకం ఎట్టీయమ్మా, తర్వాత మీ సుట్టూ ఎవులు తిరుగుతారు" అనేవాడు. పెట్టేవాళ్లం. ఎవరు ఏం మాట్లాడారో ఆ సంతకాల పైన తర్వాత రాసుకునేవారు.

మా ఆయన అక్కడే వర్క్ ఇన్‌స్పెక్టరు. భోగాపురం వైపు ఒక ఊళ్లో కల్వర్టు కింద పైపు పగిలి మురుగు కలుస్తోందని, నీళ్లు వదలొద్దని సమావేశంలో చెప్పారు. నేను విన్నాను. ఇంజనీరు వదలమన్నాడు. ఊళ్లో ఇంటికొకరు వాంతులతో ఆసుపత్రిలో చేరాక కాగితం బయటికి తీశారు. పైపు బాగుందని మా ఆయనే చెప్పినట్టు ఉంది. కింద ఆయన సంతకం.

సస్పెండ్ చేశారు. ఇంట్లో కూర్చుని రోజూ ఒకటే అడిగేవారు.

"పైపు పగిలిపోనాదని నాను సెప్పలేదేటే?"

"సెప్పినారు. నాను ఇన్నాను."

"మరి మిగతావోల్లు ఇననేదంతన్నారేటి?"

ఆరో నెలలో గుండె ఆగి చనిపోయారు. భార్య సాక్ష్యం లెక్కలోకి రాదన్నారు. ఫైల్లో తప్పు ఆయన పేరు మీదే ఉండిపోయింది.

టీ వచ్చిన ఆ రోజు విజయనగరం నుంచి పై అధికారి కూడా వచ్చి కూర్చున్నారు. నేను ఇంజనీరు వెనక కుర్చీలో ఉన్నాను, అతని కంప్యూటర్ నాకు కనబడుతోంది. అతను సూపరింటెండెంటుకు రాస్తున్నాడు గాని పేరు ఎంచుకోలేదు. 'సార్' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

గోడ మీద పడింది: "ఇదయ్యాక ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకో. పైపు కేసులో రాసినట్టే మనకు కావలసింది రాసుకుందాం."

"అదేటి సారూ, గోడెక్కిపోనాది" అన్నారెవరో వెనక నుంచి.

ఇంజనీరు నా వైపు తిరిగాడు. "తియ్యమ్మా అది, తొందరగా."

"తియ్యడం అవదు సార్. మొదటి రోజే సెప్పినాను."

పై అధికారి ఆ వాక్యం రెండుసార్లు చదివి, ప్రింటు తీసి ఇమ్మన్నారు. రెండు తీశాను. ఒకటి ఆయనకిచ్చాను. రెండోది, మా ఆయన కేసు మళ్లీ విచారించమని రాసిన అర్జీకి జతచేసి ఆ మధ్యాహ్నమే దాఖలు చేశాను.

మళ్లీ విచారణ జరిగింది. వినలేదన్నవాళ్లంతా ఈసారి విన్నామని రాసిచ్చారు. వాళ్లనీ నేను క్షమించలేదు. తప్పు మా ఆయన పేరు మీంచి తీసి ఇంజనీరు పేరు మీద వేశారు. అతని ఉద్యోగం పోయింది. పగ తీరితే మనసు ఖాళీ అయిపోతుందని పుస్తకాల్లో చదివాను. నాకు అలా అనిపించలేదు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఎప్పుడైనా నరసన్నపేట బస్సులో ఆ ఇంజనీరు ఎదురుపడతాడు. పలకరిస్తానేమోనని చూస్తాడు. అతనికి నమస్కారం పెట్టడం మానేశాను.