“బాగున్నాను సార్” అన్నందుకు పోబోయిన నా చెవి

ఆ రోజు జైలు వంటగదిలో పోపు మాడిపోయింది. నేను పోపు కంటితో కాదు, చెవితో పెడతాను. ఆవాలు చిటపటలాడగానే మంట తగ్గిస్తాను. ఆ పొద్దున ఎంతసేపటికీ చప్పుడు లేదు. వాసన వచ్చి చూసేసరికి ఆవాలు బొగ్గయ్యాయి. నా కుడి చెవి చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రమే. ఇప్పుడు ఎడమదీ పోతోందని అప్పుడే తెలిసింది.

మాది శ్రీకాకుళం వైపు. బతుకుతెరువుకి పట్నమొచ్చి పద్మారావు నగర్‌లో టిఫిన్ బండి నడుపుతాను. బండి పెట్టే జాగా దగ్గర పక్క బండి రాములమ్మతో గొడవై గరిటె విసిరాను. ఆమె ముంజేతి ఎముక విరిగింది. నాకు శిక్ష పడింది. తప్పు నాదే, నా చెయ్యి నా నోటికన్నా తొందరది.

జైలు డాక్టర్ “వ్యాక్స్ అయ్యుంటుంది” అని డ్రాప్స్ ఇచ్చారు. నెలలో మూడుసార్లు చూపించుకున్నా తగ్గలేదు. చీము కారి దిండు గలీబు తడిసేది. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించమని ఫిర్యాదుల పెట్టెలో కాగితం వేశాను. వారానికి జవాబొచ్చింది. “మూడుసార్లు పరీక్షించాం. మూడుసార్లూ బాగున్నానని ఈమే చెప్పింది. బయటి ఆస్పత్రికి పంపనక్కర్లేదు.”

ఒళ్ళు మండిపోయింది. నా పక్కన పడుకునే యాదమ్మ చెయ్యి పట్టుకుంది. “గరిటె ఇసిరే గదక్కా గిక్కడికొచ్చినవ్. ఈపారి కాయితం ఇసురు” అంది.

నెలకోసారి ఉచిత న్యాయ సహాయానికి వచ్చే లాయరమ్మకు ఆ జవాబు చూపించాను. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది.

“నిజంగా బాగున్నానన్నారా?”

“అన్నానమ్మా. డాక్టరుగారంతటి పెద్దాయన ఎలాగున్నావని పలకరిత్తే ఇంకేటంటాం?”

ఆవిడ పడీపడీ నవ్వింది. మా బ్యారక్‌లో అందరం అంతే. జ్వరంతో వణుకుతూ కూడా “బాగున్నాను సార్” అనే మొదలుపెడతాం. రిజిస్టర్‌లోకి ఆ మాటే ఎక్కుతుంది.

“వాళ్ళు రాసిన ఒక్కో కారణానికీ మన జవాబు రాద్దాం” అంది లాయరమ్మ. ఆ పలకరింపు సంగతీ, చీము కారిన తేదీలూ రాశాం. యాదమ్మ సాక్షిగా వేలిముద్ర వేసింది. జైలు సూపరింటెండెంట్‌కి ఒకటి, తనిఖీకి వచ్చే జడ్జిగారికి ఒకటి పంపాం. మొదటిదానికి మళ్ళీ “అవసరం లేదు” అనే వచ్చింది. రెండోదానికి జడ్జిగారే వచ్చారు.

వరసలో నా దగ్గర ఆగి, “ఎలా ఉన్నారమ్మా?” అన్నారు. అలవాటు కదా, “బాగు” దాకా నోట్లోకి వచ్చేసింది. యాదమ్మ గట్టిగా గిల్లింది.

“బాగోలేదు సార్. ఈ చెవి కూడా పోతే నన్ను చూడ్డానికొచ్చే నా కూతురి మాట ఇంక వినలేను” అని ఏడ్చేశాను.

ఆ వారమే ఈఎన్‌టీకి పంపారు. స్కాన్ చూసి డాక్టరమ్మ, “ఇన్‌ఫెక్షన్ చెవి వెనక మాస్టాయిడ్ ఎముకలోకి పోయింది. ఇంకా లేట్ చేస్తే వినికిడి దక్కేది కాదు” అంది. సర్జరీ అయింది. కట్టు విప్పినా ఏమీ వినపడలేదు, పైగా తల తిరుగుడు. హడలిపోయాను. “చెవి లోపల పెట్టిన ప్యాకింగ్ కరగాలి, జెర ఓపిక పట్టు” అంది డాక్టరమ్మ.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మొట్టమొదట వినిపించింది యాదమ్మ గురక. సంతోషం పట్టలేక ఆమెను లేపి మరీ చెప్పాను. తిట్టింది. ఆ తిట్లు కూడా వినపడ్డాయి.

శిక్ష పూర్తయి ఇప్పుడు మళ్ళీ నా బండి దగ్గరే ఉన్నాను. ఆవాలు చిటపటమంటుంటే రోజూ కొత్తగానే ఉంటుంది. మీకు నేను చెప్పేదొక్కటే. డాక్టర్ ఎలా ఉన్నావంటే ముందు నొప్పి చెప్పండి, మర్యాదలు తర్వాత.

మొన్న రాములమ్మ నా బండికి నాలుగడుగుల దూరంలో వచ్చి నిలబడింది.

“ముందుగాల ఆ గరిటె కింద పెట్టు. పెట్టినాక అడుగుత, ఎట్లున్నవ్?”

గరిటె కింద పెట్టాను.

“బాగున్నాను” అన్నాను.