విత్తనం కాయల పాలు

నిన్న మా పాప ఉర్లగడ్డ సూపు అడిగింది. బంగాళదుంపలు ఉడికించి మెదిపాక చూస్తే ఇంట్లో మీగడ లేదు. వేరుశనగ గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కలిపాను. పొయ్యి మీద ఆ పచ్చి వాసన లేవగానే తనకల్లు దగ్గరి మా పాత మిద్దె గుర్తొచ్చింది.

పల్లెల్లో పెరిగిన మీకు విత్తనం మూట జ్ఞాపకముందా? వచ్చే పంటకు విత్తడానికి దాచిన వేరుశనగ కాయలు. వేపాకు వేసి అటక మీద దాచేవాళ్లు. పిల్లలం ముట్టుకుంటే వీపు పగిలేది.

ఒక ఏడు శ్రావణం సగం పోయినా విత్తడానికి పదును వాన పడలేదు. తాత మాత్రం విత్తే గొర్రును వాకిట్లో పెట్టుకుని రోజూ మబ్బు చూసేవాడు. పళ్లు లేని ఆయనకు అమ్మ ఉర్లగడ్డ మెదిపి, ఆవుపాలు పోసి జావలా కాచి ఇచ్చేది. మేత లేక ఆవును అమ్మేశాక, ఒకరోజు వేరుశనగ పాలు పోసింది.

తాత ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

"యాడివి ఈ కాయలు? అటక మీదివేనా?"

నాయన తల వంచుకున్నాడు. "ఇంక విత్తే అదను దాటిపోయింది కదా నాయనా."

తాత మళ్లీ గ్లాసెత్తి అడుగుదాకా తాగాడు. మూతి తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"గొర్రు బయటే ఉండాది. లోపల పెట్టెయ్యప్పా."