తాటాకు పాకలో పూసల పాఠం

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి మధ్యలో, పదకొండు రోజులు నన్ను తాటాకు పాకలో కూర్చోబెట్టారు. పెద్దమనిషినయ్యానట. మాది కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె. ఆ పదకొండు రోజులూ మగవాళ్లు నా ముఖం చూడకూడదు, నాన్న కూడా. కాళ్లు చాపితే ఆకు తగిలేది. అలల చప్పుడు వినపడేది కానీ సముద్రం కనపడేది కాదు. ఉక్కపోతకన్నా ఎక్కువ ఏడిపించింది అమ్మ చెప్పిన మాట: "ఇంక బడి చాలన్నాడు మీ నాయన." ఎందుకని అడుగుదామంటే ఆయన ఎదుటికి వెళ్లే వీల్లేదు. నేను బయటికొచ్చేలోపు బడిలో పేరు కొట్టేయిస్తాడేమోనని ఒకటే భయం.

పక్కింటి అక్క మొదటి బస్సుకు కావలి కాలేజీకి వెళ్లి సైన్సు చదివేది. సాయంత్రాలు పాక బయట కూర్చునేది. నా ఏడుపుకు విసిగి, ఒకరోజు నాలుగు రంగుల పూసలు తెచ్చి దారానికి గుచ్చింది. ప్రాణుల ఒంట్లో ఇలాంటి దండలుంటాయనీ, వాటిలో నాలుగే అక్షరాలనీ, మూడేసి అక్షరాలు కలిసి ఒంటిని కట్టే ఒక్కో ఇటుకను పిలుస్తాయనీ చెప్పింది. ఏ మూడు దేన్ని పిలుస్తాయో తెలియని కాలంలో ఒక శాస్త్రవేత్త ఉపాయం కనిపెట్టాడట.

"అంత పొడుగు దండ చదవలేక ఆయన ఏడుస్తా కూర్చోలేదు మే. తనకు తెలిసిన వరసలో చిన్న దండ తనే కట్టినాడు. దానికి ఏ ఇటుక వస్తాదో చూసినాడు. వరస మార్చి మళ్లా కట్టినాడు. నువ్వూ మీ నాయన్ని అట్లే అడుగు."

మర్నాటి నుంచి అమ్మతో ఒక్కో చిన్న ప్రశ్న పంపాను. పుస్తకాలు తెప్పిస్తావా అంటే తెప్పించాడు. ఇంట్లో ఉండి పరీక్షకు చదవొచ్చా అంటే సరేనన్నాడు. బడికి పోవచ్చా అంటే మాత్రం వద్దన్నాడు. అంటే ఆయనకు చదువు మీద కోపం లేదు, దారి మీద భయం. కావలిలో ఉన్న బడికి పోవాలంటే, బస్సు ఆగే చోటికి సరుగుడు తోపులో మైలు దూరం ఒంటరిగా నడవాలి. పదో రోజున ప్రశ్న మార్చాను. అక్కతో కలిసి మొదటి బస్సుకే పోతే?

ఆ సాయంత్రం నాన్న పాక వెనక నిలబడి, ఆకు గోడ అవతలి నుంచే, "అక్క తోడుంటే పో తల్లీ" అన్నాడు. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు.

మరుసటి ఏడు అక్క చదువు మధ్యలోనే ఆగిపోయింది. అయినా నా పదో తరగతి పూర్తయ్యేదాకా పొద్దున్నే నన్ను బస్సెక్కించి, ఆ తోపులో ఒంటరిగా వెనక్కి నడిచేది; సాయంత్రం మళ్లీ ఎదురొచ్చేది.

ఎవరు కాదన్నా, దేన్ని కాదన్నారో తెలిసేదాకా ఒక్కొక్కటే మార్చి అడిగే అలవాటు నాకు ఈ వయసులోనూ పోలేదు. నువ్వెందుకు ఆ బస్సెక్కడం మానేశావక్కా అని మాత్రం ఒక్క పొద్దున కూడా అడగలేదు. అదీ నాతోనే ఉండిపోయింది.