అక్కయ్య మాట్లాడని పదకొండు నిమిషాలు

బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్ల దగ్గర పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న ఆవిడని ఆఫీసంతా అక్కయ్య అంటుంది. ఆవిడకన్నా పెద్దవాడైన మేనేజరు కూడా అక్కయ్యే అంటాడు. అక్కడ వరసలు వయసుని బట్టి కాక ప్రతిభను బట్టి నిర్ణయమవుతాయి. అవతలివాళ్లు సగం చెప్పేలోపే మిషన్ రోగం తేల్చేసే అపర ధన్వంతరి ఆవిడ.

అంత విద్య ఒక్కరి దగ్గరే మగ్గిపోవడం లోకానికి నష్టమని, కొత్తవాళ్లకి నేర్పే బాధ్యత కూడా ఆవిడకే అప్పగించారు. ఆ రోజునుంచి అక్కయ్య నడకే మారిపోయింది. ఇంట్లో మొగుడితో ఏ మాటైనా "మా శిష్యులు" అనే మొదలెట్టేది. ఆ శిష్యులు నలుగురూ మాత్రం ఒక్క ముక్కా నేర్వకుండానే వేరే విభాగాలకు తరలిపోయారు. వాళ్లు "హలో" అనేసరికి నోట్లోంచి మాట, చెవి దగ్గర్నుంచి ఫోను రెండూ అక్కయ్య లాగేసుకునేది మరి.

"ఈత నేర్పమంటే వాళ్లని ఒడ్డున కూర్చోబెట్టి మీరు ఈదుతున్నారు అక్కయ్యా," అన్నాడు మేనేజరు. "కొత్తగా చేరిన ఈ అయిదో శిష్యురాలు, ఈ అమ్మాయి, శుక్రవారం నా ఎదుట ఒక్క ఫోనైనా సొంతంగా తేల్చకపోతే నేర్పే పని ఇంకొకరికి ఇచ్చేస్తా."

శుక్రవారం అమ్మాయి, అక్కయ్య, మేనేజరు ముగ్గురూ చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. ఫోను మోగింది.

"అమ్మాయ్! మీ మిషన్ గంతులేసుకుంటూ గుమ్మం దాకా వచ్చేసింది. ఇంకాసేపుంటే వీధిన పడేలా ఉంది!" అన్నాడో పెద్దాయన.

కొత్త మిషన్, దారిలో కదలకుండా కంపెనీవాళ్లు బిగించి పంపే బోల్టులు విప్పలేదు. అక్కయ్యకి అరక్షణంలో అర్థమైపోయింది. చేతులు తొడల కింద పెట్టుకుని పెదాలు బిగించింది. మొహం కందగడ్డయింది.

అమ్మాయి తీరుబడిగా, "కొని ఎన్నాళ్లయింది తాతగారూ?" అంది.

"ఆరేళ్లు."

అక్కయ్య బోల్టులు అక్కడికక్కడే ఊడిపోయాయి.

"మొన్నటిదాకా బుద్ధిగానే ఉందిగా? మరి ఈమధ్య ఇంట్లో ఏం మారింది?"

"ఏముందీ, మా ఆవిడ పోరు పడలేక కొత్త టైల్స్ వేయించా."

"అయితే కాళ్లు ఓసారి చూడండి. మిషన్‌వేనండీ, మీవి కాదు."

పెద్దాయన నవ్వేశాడు. వంగి చూస్తే ఒక కాలు గాల్లో ఉంది. అమ్మాయి దాన్ని నేలకి ఆనేదాకా తిప్పించింది. పదకొండో నిమిషానికి మిషన్ నిలబడ్డచోటే నిలబడి తిరిగింది.

"సరిగ్గానే చెప్పానా అక్కా?" అంది అమ్మాయి, ఫోను పెట్టేసి బెరుగ్గా.

"నేనైతే తప్పు చెప్పేదాన్నే."

పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో ఇలాంటి వాక్యం పుట్టడం అదే మొదలు. మేనేజరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేర్పే బాధ్యత అక్కయ్యదేనని కాగితం మీద ఒక్కో అక్షరమే చెక్కసాగాడు.

"నాలుగు ముక్కలకి ఎంతసేపండీ? ఇటివ్వండి," అంటూ అక్కయ్య పెన్ను కోసం చెయ్యి చాచింది.

ఆయన తలెత్తి చూశాడు.

అక్కయ్య తమాయించుకుని, ఆయన్ని కూడా నేర్చుకోనిచ్చింది.