అవ్వ చేసిన ఎండ వైద్యం

ఆ రోజుల్లో నా లోకం మూడు గజాల దాకానే ఉండేది. ఆపైన ఏముందో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని. నాలుగో తరగతికే కళ్లద్దాలొచ్చాయి. ఆరు నెలలకోసారి నంబరు పెరిగేది (ఎత్తు మాత్రం పెరిగేది కాదు). నిజామాబాద్ కంటి డాక్టరు అవ్వకు (మా నాన్నమ్మ, బాపు తల్లి, మా ఇంట్లో ఆస్పత్రి పనులన్నీ ఆమెవే) విడమరిచి చెప్పాడు: "నంబరు ఇట్లనే ఉరికితే పెద్దయినంక కంటి తెరకు ముప్పు అవ్వా. మొత్తం ఆపలేం గని నెమ్మది చేయొచ్చు. రోజూ రెండు గంటలు పగటి వెలుతుర్ల బయట ఆడనియ్యి. పుస్తకం మొకానికి ఆనించి చదవనియ్యకు." అవ్వకు గుండెల్లో రాయి పడింది. బాపు అద్దాలు తీస్తే ఎదుట ఉన్న అన్నం పళ్లెం కోసం తడుముకోవడం రోజూ చూసే మనిషి.

వేల్పూర్‌లో అప్పుడు పసుపు ఉడికించి ఆరబోసే రోజులు. "బయట ఉండుడే గదా మందు? బడి ఇడిసినంక కళ్లం కాడ కూసో బిడ్డా. నీ కండ్లకు మంచిదాయె, పసుపుకు కావలాయె" అంది అవ్వ. మా ఇంట్లో రోగికి కూడా పని తప్పదు. ఎండకు నల్లబడతానని నాలుగు కట్టెలు పాతి, పైన గొంగడి కూడా తనే కప్పింది. ఆ చీకట్లో నేను కథల పుస్తకం ముక్కుకు ఆనించి బుద్ధిగా చదువుకున్నాను. (కుక్కలు పసుపు తొక్కుకుంటూ పోయేవి. నా చూపు సంగతి వాటికి తెలిసిపోయింది.) పసుపు అయ్యాక మక్కజొన్నలు ఆరబోశారు. నాకు ఇంకో పుస్తకం దొరికింది.

నంబరు మళ్లీ పెరిగింది. "బయట ఉంటున్నదా?" అన్నాడు డాక్టరు. "రెండు గాదు సార్, నాలుగు గంటలు బయటనే. నా పానం మీద ఒట్టు!" అంది అవ్వ. తర్వాత ఆస్పత్రి బెంచీ మీద కూలబడి, "నా కొడుక్కు నేనే ఇచ్చిన, నీకు గూడ నేనే ఇచ్చినట్టున్న ఈ కండ్లు" అని కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. గొంగడి కింద చదివిన పుస్తకాల సంగతి మొత్తం చెప్పేశాను. "ఓసి దొంగమొకందానా!" అంది.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి అవ్వ ఇంటి ముందు గళ్లు గీసి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, నాతో కుంటుడు బిళ్ల ఆడింది. బాగా ఆడిందని అనను. గీత తొక్కేది, తొక్కలేదని వాదించేది. ("నీకేం కనవడ్తది? నాకు ఎరుక!")

తర్వాతి పరీక్షలో నంబరు చాలా కొంచెమే పెరిగింది. డాక్టరు సంతోషపడి, "ఎవరితోని ఆడుతున్నవ్?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ సిగ్గుతో కొంగు సర్దుకుని, "వాడకట్టు పోరగాండ్లు మస్తుమంది ఉన్నరు సార్" అంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడకట్టు పిల్లలెవరూ నన్ను ఆటలో కలుపుకునేవాళ్లు కాదు. మొహానికి తగిలాక గానీ నాకు బంతి కనిపించేది కాదు మరి. నాకున్న దోస్తు ఆమె ఒక్కతే. ఆమెకూ నేనొక్కదాన్నే అనుకుంటాను.