అత్తకు చెప్పిన ముఖాలు

ఈమధ్య మా అబ్బాయి నాకొక కొత్త ఫోను కొనిపెట్టాడు. దానికి తాళంచెవి మన ముఖమేనట. తల ఇటు తిప్పమని, అటు తిప్పమని, నా ముఖాన్ని దానికి నేర్పించాడు. ఎలా గుర్తుపడుతుందని అడిగితే, రెండు కళ్ల మధ్య దూరం, ముక్కు పొడవు, పెదవికీ గడ్డానికీ మధ్య ఎడం, ఇలాంటి కొలతలన్నీ లెక్కవేసుకుంటుందని చెప్పాడు. నాకు భలే ముచ్చటేసింది. జీవితమంతా కొలతలతో బతికినవాణ్ణి, చివరికి మనిషి ముఖం కూడా మా లెక్కల్లోకి వచ్చిందన్నమాట అనుకున్నాను. అంతలోనే మా అత్త నవ్వు చెవిలో వినబడినట్టయింది. ఆవిడే ఉంటే ఆ ఫోనును కూడా నన్ను తిట్టినట్టే తిట్టి ఉండేది.

నేను గజపతినగరంలో ఒక కోతమిల్లులో లెక్కలు చూసేవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, దుంగ చుట్టుకొలతా పొడవూ చూసి అందులో ఎంత కలప దిగుతుందో కాగితం అక్కరలేకుండా చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. మా అత్త, అంటే మా నాన్నకు అక్క, పెళ్లి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే జుట్టు నెరిసేదాకా పనిచేసింది. ఆ తరువాత నీటికాసుల జబ్బు ఆవిడ రెండు కళ్లనూ కొద్దికొద్దిగా తినేసింది. పోయిన చూపు ఇక రాదని వైద్యులు తేల్చి చెప్పాక, రెండువేల పదకొండులోనో పన్నెండులోనో ఒక చిన్న ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి వెళ్లేవాళ్లు దారిలో ఏదో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, కాసేపు మాట్లాడి గానీ కదిలేవారు కాదు. అత్త వచ్చాక ఆ అరుగు మాదయింది. అందరూ ఆవిడను పలకరించేవారు. గొంతును బట్టి ఆవిడ చాలామందిని పోల్చుకునేది. కానీ వాళ్లు వెళ్లాక నన్ను పిలిచి, వాళ్లిప్పుడు ఎలా ఉన్నారో చెప్పమనేది. మొదటిసారి నేను నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను. మనిషి అయిదున్నర అడుగులుంటాడు, డెబ్బై కిలోలకు తగ్గడు, నడుము చుట్టూ కాస్త పెరిగాడు అన్నాను.

"ఏటిరా అల్లుడూ, మనిసిని సూసొచ్చి దుంగ కొలత సెబుతన్నావు? కోతమిల్లుకి తోలిద్దామనేటి? మొకం సెప్పరా, మొకం!"

ముఖం ఎలా చెప్పాలో నాకు నిజంగా తెలియదు. రోజూ చూసేదాన్ని చెప్పడానికి మాటలు కావాలని అంతవరకూ తట్టలేదు. అప్పుడు అత్త తన వార్డు సంగతి చెప్పింది. మా వైపు పేర్లు మీకు తెలిసినవే. ఒకే వార్డులో నలుగురు అప్పలనర్సమ్మలు, ముగ్గురు పైడమ్మలు ఉండేవారట. ఊరి పేరూ ఇంటి పేరూ కూడా కలిసిపోయిన సందర్భాలున్నాయట. ఒకరి మందు ఇంకొకరి నోట్లో పడకుండా, అక్కడి విదేశీ డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి రోగి కేసుషీటు మీదా ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో నర్సు ఇంగ్లీషులో రెండు వరుసలు రాయాలి. నుదుటి నుంచి మొదలుపెట్టి గడ్డం దాకా, పై నుంచి కిందికి రావాలి. ఎత్తూ బరువూ రాస్తే డాక్టరమ్మ కొట్టేసేదట. జ్వరానికి మనిషి సగమైపోతే ఆ బరువు ఎవరిదమ్మా అనేదట. నెల రోజులు మంచాన పడినా మారనివి కనుబొమలూ కళ్లే గనుక, ముందు అవి చూడమనేదట.

అలా నా నలభై ఆరో ఏట నేను మా అత్త దగ్గర ఇంగ్లీషు మొదలుపెట్టాను. లోపలికి ఉన్న కళ్లు డీప్ సెట్. వాలిపోయిన రెప్ప డ్రూపింగ్ లిడ్. కళ్ల కింద ఉబ్బితే బ్యాగ్స్, అంటే సంచులు. నవ్వినప్పుడు కంటి కొసన పడే ముడతలు క్రోస్ ఫీట్, అంటే కాకి అడుగులు. ఆ మాట విన్నాక నాలుగైదు రోజులు నేను ఎవరి ముఖం చూసినా కాకులే వాలి లేచినట్టు కనిపించింది. దొరలు ఇంత బాగా చూశారా అని ఆశ్చర్యపోయాను. లెక్కలవాణ్ణి కాబట్టి ఒక్కొక్క ఇంగ్లీషు మాటనూ మన మాటతో సరిచూసుకునేవాణ్ణి. చూసీ చూడనట్టు వదిలెయ్యడాన్ని వాళ్లు టర్న్ ఎ బ్లైండ్ ఐ అంటారని చెబితే, సరిపోయింది అనుకున్నాను. కంటికి రెప్పలా చూసుకోవడానికి సమానం ఏమిటని అడిగితే, ముద్దుబిడ్డను ద యాపిల్ ఆఫ్ మై ఐ అంటారని చెప్పింది. కంట్లో యాపిల్ ఎందుకుందని నేనూ, అది దొరలనే అడగమని ఆవిడా చాలాసేపు వాదించుకున్నాం. ఎంత జాగ్రత్తగా భాగించినా ఏదో కొంచెం శేషం మిగిలేది. ఆ మిగిలినదాని గురించి ఆలోచిస్తూ నేను మిల్లులో ఖరీదైన చేవ దుంగను మామూలు దుంగలతో కలిపేసి యజమాని చేత చీవాట్లు కూడా తిన్నాను.

ఆవిడ శక్తి నాకు తెలిసొచ్చింది మాత్రం ఒక చేపలావిడ వల్ల. పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డు నుంచి ఒక కొత్త మనిషి తట్టతో మా గుమ్మంలోకి వచ్చింది. అత్త నన్ను గిల్లింది. కనుబొమలు రెండూ నడుమ కలిసిపోయాయి, ఎడమ రెప్ప సగం వాలి ఉంది, గడ్డం మీద నొక్కు ఉంది అని మెల్లగా చెప్పాను. అత్త ఆవిడ వైపు తిరిగి, మీ అమ్మ పేరు ఎల్లమ్మ కదూ, కడుపులో గడ్డకు మా దగ్గర ఆపరేషన్ చేయించుకుంది కదూ అని అడిగింది. చేపలావిడ తట్ట దింపడం మరిచిపోయింది.

"అమ్మో, నీకెలాగ తెలిసిందమ్మా? సూపు నేదన్నారు కదేటి!"

"నాకు నేదు. మా అల్లుడికున్నాది కదే, అద్దెకి తెచ్చుకున్నాను. ముందా వంజరం ఎంతో సెప్పు."

నేను ఇచ్చినవి మూడు ముక్కలు. వాటితో ఆవిడ ఎన్నో ఏళ్ల కిందటి ఒక తల్లి ముఖాన్ని నిలబెట్టి, కూతురిని గుర్తుపట్టింది.

ఆ తరువాతి ఏడాది మా అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. విజయనగరం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొన్ని వారాలు పసిపిల్ల నిద్రలోనే గడిపేసింది. చూసినవాళ్లంతా కళ్లు తల్లివేనని, కాదు నాయనమ్మవేనని పంచుకుంటున్నారు. ఒక ఉదయం పాప మేలుకుని హుషారుగా ఉంటే, అత్త ఒళ్లో పెట్టించుకుని తల నిమిరి, నన్ను పిలిచి చెప్పమంది. పై నుంచి కిందికి మొదలుపెట్టాను. జుట్టు, నుదురు, కనిపించీ కనిపించని కనుబొమలు. కళ్ల దగ్గరకు వచ్చేసరికి బాగా చూడాలని పాపను గుమ్మంలోకి, ఏటవాలు ఎండ వెలుగులోకి తీసుకెళ్లాను. కుడి కంటి నడిమి నలుపు నేరేడుపండులా నిగనిగలాడుతోంది. ఎడమ కంటి నడుమ మాత్రం గంజి చుక్క పడినట్టు బూడిదరంగుగా ఉంది. చూసింది చూసినట్టు చెప్పాను.

అత్త ముఖంలో నవ్వు పోయింది. "మళ్లీ సూడు. ఎడమంటే నీ ఎడమా, పిల్ల ఎడమా?"

పిల్లదే అన్నాను. తుడిచి చూడమంది. తుడిచినా పోలేదు, అది పైన లేదు, లోపల ఉంది. విశాఖపట్నం బస్సు ఎన్ని గంటలకని ఆవిడ అడిగింది. ఇంట్లో గొడవ మొదలయింది. పాప నాయనమ్మ, అంటే మా వియ్యపురాలు, అప్పుడే చూడటానికి వచ్చి ఉంది. పుట్టిన పిల్లల కళ్లు అలాగే ఉంటాయని, నెమ్మదిగా తేటపడతాయని అంది. అంతటితో ఆగకుండా గట్టిగానే మరో మాట అంది.

"సూపు నేని మనిసి సంటిదాని కళ్లకి వంక పెట్టడవేటి? అపశకునం కాదేటి?"

అత్త తల ఎత్తలేదు. "నాకు సూపు పోయింది కనకనే సెబుతన్నానమ్మా. పోయాక వెతుక్కుంటే దొరకదు."

మధ్యాహ్నం బస్సుకు అమ్మాయినీ పాపనూ తీసుకుని నేను బయలుదేరాను. విశాఖలోని కంటి ఆసుపత్రిలో చూసి, పుట్టుకతోనే వచ్చిన శుక్లం అని తేల్చారు. పసివాళ్లకు ఇది ముందే పట్టుబడటం ముఖ్యమని, వారాలు గడిచేకొద్దీ ఆ కన్ను చూపు నేర్చుకునే వయసు దాటిపోతుందని చెప్పి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేశారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అసలు పని అప్పుడే మొదలయింది. కన్ను తేటపడినంత మాత్రాన చూపు రాదట. మెదడు మంచి కంటికే అలవాటు పడి రెండోదాన్ని పక్కన పెట్టేస్తుందట. అందుకని రోజూ కొన్ని గంటలు మంచి కన్ను మీద పట్టీ అంటించి, బలహీనమైన కంటికి దళసరి అద్దం పెట్టి, దానితోనే చూడనివ్వాలి. అలా ఏళ్ల తరబడి చేసినా ఎంత చూపు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మా అల్లుడికి పార్వతీపురంలో పని, వాళ్లమ్మ ఉండేది వేరే ఊళ్లో, ఆ ఇంట్లో చూసుకునే దిక్కు లేదు. అమ్మాయి పిల్లతో మా దగ్గరే ఎక్కువగా ఉండిపోయింది. పట్టీ అంటించగానే పాప కీచుమని ఏడ్చి పీకేసేది. ఏడుపు వినలేక, ఈ ఒక్కపూటకు తీసేద్దామని తల్లి బతిమాలేది. అత్త మాత్రం పిల్లను ఒళ్లోకి లాక్కుని, పట్టీ మీద తన అరచెయ్యి మూతగా పెట్టి, ఆ గంటలు పూర్తయ్యేదాకా పాటలు పాడుతూ కూర్చునేది. బ్లైండ్ ఐ తిప్పొద్దే అమ్మీ, అవి నా దగ్గర ఒకటికి రెండున్నాయి, పిల్లకి వద్దు అనేది. నవ్వాలో ఏడవాలో తెలియక అమ్మాయి వంటింట్లోకి వెళ్లిపోయేది.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా ఆసుపత్రిలో మరోసారి చూపు పరీక్షించారు. బొమ్మల పలక చూపించి ఏమిటని అడిగితే, విసుగొచ్చిన పిల్ల అన్నింటికీ కుక్కే అని జవాబిచ్చింది. ఆ కన్ను ఎంత చూస్తోందో సరిగ్గా అంచనా కట్టలేకపోతున్నామని, కొంత కాలం తరువాత మళ్లీ రమ్మని పంపించారు. ఇంటికి వచ్చాక అమ్మాయి నిరాశపడిపోయింది. ఇన్నేళ్లూ పిల్లను ఏడిపించిందే మిగిలింది, ఆ కంటికి ఏమీ రాలేదు, ఇక పట్టీ మానేస్తానని తేల్చి చెప్పింది. నాకూ ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

అత్త మర్నాడు ఉదయం పిల్లను పిలిచి, మంచి కంటికి పట్టీ ఉందో లేదో వేళ్లతో తడిమి చూసుకుని, తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇదిగో, ఇప్పుడు నువ్వు సెప్పు. మామ్మ మొకం ఎలాగున్నాదో. పై నుంచి కిందికి."

పాపకిది ఆటలా అనిపించింది. ఆ అద్దంతో చూసే పిల్లలు అందరూ చేసినట్టే ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరకు వచ్చింది. జుట్టు తెల్లగున్నాదంది. నుదుటి మీద గీతలున్నాయంది. కళ్లు మబ్బుగున్నాయంది. అంతవరకూ మేమెవరమూ చలించలేదు, అవన్నీ పిల్లకు మామూలుగా తెలిసినవే. తరువాత వేలు చాపి, అత్త ముక్కు పక్కన, కుడి కంటి కిందుగా పొడిచింది.

"ఇక్కడ సిన్న గొయ్యున్నాది. ఆవగింజంత."

అత్త వేలు పాప వేలి పక్కకు వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఉన్నాది," అంది. "అది ఉన్నాది. నా సిన్నప్పుడు అమ్మవారు పోసి ఊరంతా పడిపోతే, నాకు ఒకే ఒక్క మచ్చ మిగిలింది. ఒసే అమ్మీ, ఇలా వచ్చి సూడు. నీ కూతురికి కనబడతన్నాది."

మేమిద్దరం వంగి చూశాం. కిటికీ వెలుగులో చాలా దగ్గరగా చూస్తే, సూది మొనతో గుచ్చినట్టు నిజంగానే ఒక చిన్న గుంట ఉంది. ఎన్నో ముఖాలు పై నుంచి కిందికి చెప్పించుకున్న మనిషి ముఖంలో, పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్న ముఖంలో, అది ఉందని నాకు అంతవరకూ తెలియదు. అమ్మాయి అక్కడే నేల మీద కూర్చుండిపోయి, ఆ దళసరి అద్దాన్ని పాప ముఖం మీద సరిచేసింది. ఆ మధ్యాహ్నం పట్టీ విప్పాల్సిన వేళయినా అమ్మాయి కదల్లేదు, విప్పమని అత్తే గుర్తు చేయాల్సి వచ్చింది.

తరువాతి సంవత్సరం వానాకాలంలో అత్త వెళ్లిపోయింది. పాప ఇప్పుడు హైస్కూలులో చదువుతోంది. ఆ కన్ను మంచి కంటితో సమానం కాలేదు, కాదని ముందే చెప్పారు. కానీ దానికది చూస్తుంది. అరుగు ఇంకా ఉంది, ఆరాధన కాగానే అందరూ మోటారుసైకిళ్లెక్కి వెళ్లిపోతారు. దూరాన ఉన్న మనిషి ఎలా ఉన్నాడని ఈరోజుల్లో ఎవరూ ఎవరినీ అడగరు, ఫోటో పంపించమంటారు, పంపినది ఒకసారి చూసి పక్కకు తోసేస్తారు. చెప్పించుకునేవాళ్లు లేకపోతే చూసేవాడి చూపు కూడా మొద్దుబారుతుందని నన్ను చూసుకుంటే నాకు తెలుస్తోంది. అత్త ఫోటోలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. నర్సు టోపీతో ఒకటి, పాపను ఒళ్లో పెట్టుకుని ఒకటి, పెళ్లిళ్లలో తీసినవి ఎన్నో. వాటన్నింటినీ వెలుగులో పెట్టి వెతికాను. ఆవగింజంత ఆ గుంట ఏ ఒక్క ఫోటోలోనూ పడలేదు.