పుర్రచేతి పరుగు

నా చిన్నప్పుడు నా ఎడమచేతి నుంచి ఎవరూ ఏదీ పుచ్చుకునేవారు కాదు. నాది పుర్రచెయ్యి. ఆ చేత్తో అన్నం కలిపితే అమ్మ తొడపాశం పెట్టేది. ఆ చేత్తో పలక పడితే పంతులు బెత్తంతో వేళ్ళ మీద కొట్టేవాడు. ఆ దెబ్బలకే బడి మానేశాను. తరువాత నేర్చుకున్న నాలుగు ముక్కలూ పొట్లాల కాగితాలు చదువుకుని నేర్చుకున్నవే. ఆ పంతులు ఎప్పుడో పోయాడు, నా కోపం మాత్రం ఇంకా పోలేదు.

మా ఊరి మిషన్ ఆస్పత్రిలో ఒక జర్మనీ నర్సమ్మ ఉండేవారు. పొడుగాటి మనిషి, ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేవారు. వయసులో ఉన్నప్పుడు వాళ్ళ దేశం తరఫున పరిగెత్తారట. ఒంటరి పరుగులో ఎప్పుడూ వెనకబడేవారట, నలుగురు కలిసి కర్ర అందించుకునే పరుగులో మాత్రం పతకం తెచ్చారట. మోకాలు చెడ్డాక నర్సు చదువు చదివి మా ఊరొచ్చారు.

పక్క ఊరి పిల్లలతో మాకూ అలాంటి పరుగు పందెమే కుదిరింది. సాయంత్రాలు ఆస్పత్రి ఆవరణలో ఆవిడ మాకు వెదురు ముక్క ఇచ్చి నేర్పేవారు. నన్ను రెండోవాడిగా నిలబెట్టారు. ఎడమచేత్తో అందుకోవాలి, ఎడమచేత్తోనే మూడోవాడి కుడిచేతికి అందించాలి. అందుకోవడం బాగానే అందుకున్నాను. ఇచ్చే వేళకి దెబ్బల భయం చేతిలోకొచ్చింది. కర్రను గబుక్కున కుడిచేతికి మార్చబోయాను. అది కాస్తా దుమ్ములో పడింది. అందరూ ఒకటే నవ్వు.

మార్చవద్దన్నారు ఆవిడ. ఈసారి మూడోవాడు, మా పక్కింటి అన్న, వెనక్కి తిరిగి నా చెయ్యి చూసి చటుక్కున తన చెయ్యి లాగేసుకున్నాడు.

"పుర్రచేత్తో ఇస్తే పుచ్చుకుంటానా? మా నాయనమ్మకి తెలిస్తే గడప తొక్కనివ్వదు! వీణ్ణి తీసెయ్యండమ్మా."

ఇక్కడ కూడా వెళ్ళగొడితే నాకు మరో చోటు లేదు. ఆవిడ కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని తన పరుగుల సంగతి చెప్పారు. ఆవిడ కూడా మూడో స్థానంలోనే పరిగెత్తేవారట. వెనకనుంచి కర్ర అందించే అమ్మాయికీ ఆవిడకీ మాటలుండేవి కావట. అయినా ప్రతి పందెంలోనూ ఆ అమ్మాయి అరుపు వినబడగానే చెయ్యి వెనక్కి చాపి ముందుకే పరిగెత్తేవారట.

"వెనక్కి చూడవద్దు నాయనా," అన్నారు, అచ్చం పుస్తకంలో తెలుగు. "చూచినవాడు ఆగిపోవును. చేయి చాపుము, పరుగెత్తుము."

అన్న గొణుక్కుంటూనే వెళ్ళి నిలబడ్డాడు. నేను పరిగెత్తాను. దగ్గరికొచ్చి కేక వేశాను. వాడు తిరగలేదు. చెయ్యి చాపాడు. నా ఎడమచేతిలోని కర్ర వాడి అరచేతిలో పడింది, వాడి వేళ్ళు బిగుసుకున్నాయి. నా ఎడమచేతి నుంచి ఒక మనిషి ఏదైనా పుచ్చుకోవడం అదే మొదలు. నేను అక్కడే నిలబడి నా చెయ్యి చూసుకున్నాను.

ఇదంతా మొన్న అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అల్లుడికి చెప్తే, "ఇంతకీ మెడల్ వచ్చిందా మావయ్యా?" అన్నాడు. పందెంలో ఓడిపోయామని చెప్పాను. పాపం, కథ అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

మనవరాలు అప్పుడే ప్రాక్టీస్ నుంచి వచ్చింది. బూట్లు విప్పకుండానే, "తాతా, కోచ్ నన్ను రిలేలో సెకండ్ లెగ్ రన్ చెయ్యమన్నాడు, లెఫ్టీ కదా అని!" అంది. నా మజ్జిగ గ్లాసు తనే పట్టుకొచ్చింది.

"తాతకి కుడిచేత్తో ఇవ్వవే! ఎన్నిసార్లు చెప్పాలి?" వంటగదిలోంచి మా అమ్మాయి.

ఒళ్ళు మండింది. "దాని జోలికి రాకు," అన్నాను, గట్టిగానే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నవాణ్ణి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాను. ఈ వయసులో కూడా ఎవరు ఏమిచ్చినా నేను అలాగే పుచ్చుకుంటాను. చల్లని గ్లాసు అరచేతికి తగిలింది. ఏ చేత్తో ఇచ్చిందో నేను చూడలేదు.